జీతం లేని కాపలాదారులు: ఒక పేగు జబ్బు, ఒక ఛారిటీ, కొంతమంది ట్రస్టీలు

ఈ ఎపిసోడ్ ఒక రొట్టె ముక్క గురించి. ఆ రొట్టె తింటే జబ్బుపడే పిల్లల గురించి, వాళ్ళ కోసం ఒక సంస్థ పెట్టిన ఒక అమ్మ గురించి, ఒక లాయర్ గురించి కూడా. వీటన్నిటి వెనకాల ఒకే ప్రశ్న ఉంది. బ్రిటన్‌లో ఒక ఛారిటీకి పెద్ద దిక్కుగా ఉండే ట్రస్టీలు మామూలుగా ఆ పనికి జీతం తీసుకోకూడదు. ఎందుకు?

"సేవ కదా, అందుకే" అంటారు చాలామంది. సేవే, కాదనను. కానీ నాకు మాత్రం ఇది సేవ కన్నా సెక్యూరిటీ డిజైన్‌లా కనిపిస్తుంది. ఎందుకో కథ పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ముందు జబ్బు సంగతి చూద్దాం. పేరు సీలియాక్. గోధుమ, బార్లీ, రై లాంటి ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఈ జబ్బు ఉన్నవాళ్ళు అది తింటే, వాళ్ళ సొంత రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు మీద దాడి చేస్తుంది. స్కూల్ బయాలజీలో చూషకాలు అని చదువుకున్నాం గుర్తుందా? పేగు లోపల సన్నటి వేళ్ళలా ఉండి, తిన్నదాన్ని పీల్చుకునేవి. అవి అరిగిపోయి చదునైపోతాయి. ఇక ఎంత తిన్నా ఒంటికి పట్టదు.

1887లో లండన్‌లో శామ్యూల్ గీ అనే డాక్టర్ ఈ జబ్బు గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఇది నయమయ్యేదుంటే తిండి మార్చడం వల్లే నయమవుతుందని అప్పుడే చెప్పాడు. కానీ ఏ తిండి? అది తేలడానికి ఇంకో అరవై ఏళ్ళు పైనే పట్టింది. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే డాక్టర్ పిల్లలకి అరటిపళ్ళ డైట్ పెట్టాడు. చాలామంది కోలుకున్నారు. అందరూ అరటిపండు మహిమ అనుకున్నారు. నిజానికి అరటిపళ్ళు తింటున్నంత కాలం ఆ పిల్లలు రొట్టె తినలేదు, అసలు సంగతి అది. డీబగ్గింగ్ చేసేవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. బగ్ పోయింది, కానీ ఏ లైన్ తీసేస్తే పోయిందో ఎవరూ చూడలేదు.

ఆ లైన్‌ని పట్టుకున్నది నెదర్లాండ్స్ పిల్లల డాక్టర్ విల్లెం డికె. ఆయన గురించి ఒక ఫేమస్ కథ ఉంది. 1944–45 చలికాలంలో, జర్మన్ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో కరువు వచ్చింది, జనం ట్యూలిప్ గడ్డలు కూడా తిన్నారు, రొట్టె దొరకలేదు, అప్పుడు సీలియాక్ పిల్లలు కోలుకోవడం చూసి డికె కనిపెట్టాడు అని. వినడానికి బాగుంటుంది కానీ అది సగం నిజమే. గోధుమ మీద ఆయనకి 1930ల నుంచే అనుమానం ఉంది. గోధుమ లేని డైట్ మీద యుద్ధానికి ముందే పని మొదలుపెట్టాడు. కరువు ఆ అనుమానాన్ని బలపరిచింది, అంతే. 1950లో ఉట్రెక్ట్ యూనివర్సిటీలో థీసిస్ ఇచ్చాడు. ఆ తర్వాత రెండు మూడేళ్ళలోనే దోషి గ్లూటెన్ అని తేలింది.

బావుంది, కారణం దొరికింది. కానీ అసలు కష్టం అక్కడే మొదలైంది. ఈ జబ్బుకి మాత్ర లేదు, ఇంజెక్షన్ లేదు. జీవితాంతం గ్లూటెన్ లేని తిండి తినడం ఒక్కటే వైద్యం. ఇప్పుడు 1960ల బ్రిటన్‌లో ఒక అమ్మని ఊహించుకోండి. రొట్టె మానిపించడం కష్టమైనా తెలిసిన పనే. మరి సాసేజ్‌లో పిండి కలిపారా? సూప్ చిక్కగా ఉండటానికి ఏం వేశారు? చాక్లెట్‌లో ఏముంది? అప్పటి ప్యాకెట్ల మీద ఇప్పటిలా అలర్జీ వివరాలు ఉండేవి కావు. డాక్టర్ "గ్లూటెన్ వద్దు" అని చెప్పి పంపిస్తాడు. కొట్టు ముందు నిలబడి తేల్చుకోవాల్సింది మాత్రం ఆ అమ్మే.

మనకి ఇది దూరపు గొడవ అనిపించొచ్చు. అన్నం తినేవాళ్ళం కదా. ఇండియాలో జరిగిన ఒక పెద్ద సర్వేలో ఈ జబ్బు తాలూకు యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో కనిపిస్తే, దక్షిణాదిలో 0.10 శాతం మందిలోనే కనిపించాయి. కానీ ఆ కొద్దిమంది ఇంట్లో పరిస్థితి చూడండి. చపాతీ మానేస్తారు, బ్రెడ్డు మానేస్తారు. పులిహోరలో వేసే ఇంగువ సంగతి? బజార్లో దొరికే డబ్బా ఇంగువలో చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు. ఇది మనలో ఎంతమందికి తెలుసు? ఏ బ్రాండ్‌లో ఏముందో ఎవరో ఒకరు కూర్చుని, అడిగి, రాసిపెట్టాలి. అలాంటి లిస్టే ఇక్కడ మందుతో సమానం.

1968లో ఆ పని చేయడానికి ఇంగ్లండ్‌లో ఇద్దరు కలిశారు. ఒకరు ఎలిజబెత్ సీగల్. ఆమె బిడ్డకి సీలియాక్. ఇంకొకరు పీటర్ బెనెన్సన్. ఆయనకే సీలియాక్. ఇద్దరూ కలిసి సీలియాక్ సొసైటీ పెట్టారు. ఇప్పుడు దాని పేరు సీలియాక్ యూకే.

బెనెన్సన్ పేరు ఎక్కడో విన్నట్టుందా? ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌ని మొదలుపెట్టింది ఆయనే. రెండో ప్రపంచయుద్ధంలో బ్లెచ్లీ పార్క్‌లో కోడ్‌బ్రేకర్ల మధ్య పనిచేశాడు, తర్వాత లాయర్ అయ్యాడు. 1961 మే 28న అబ్జర్వర్ పత్రికలో, అభిప్రాయాలు చెప్పినందుకు జైళ్ళలో మగ్గుతున్నవాళ్ళ గురించి ఒక వ్యాసం రాశాడు. ఆమ్నెస్టీ అందులోంచే పుట్టింది. 1977లో దానికి నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది.

కానీ మధ్యలో ఒక చేదు అధ్యాయం ఉంది. 1966–67లో ఆమ్నెస్టీ లోపల పెద్ద గొడవ జరిగింది. బ్రిటిష్ నిఘా వర్గాలు సంస్థలో చొరబడ్డాయని బెనెన్సన్ ఆరోపించాడు. అదే సమయంలో, రొడీషియాలో ఖైదీల కుటుంబాల సాయం కోసం బ్రిటిష్ ప్రభుత్వ వర్గాల నుంచి డబ్బు వచ్చిందనీ, అది బెనెన్సన్‌కి తెలిసే జరిగిందనీ బయటపడింది. ప్రభుత్వాలని ప్రశ్నించే సంస్థకి ప్రభుత్వం నుంచి గుట్టుగా డబ్బు. 1967 మార్చిలో డెన్మార్క్‌లోని ఎల్సినోర్‌లో సమావేశం పెట్టి ఆయన రాజీనామాని ఆమోదించారు. తను పుట్టించిన సంస్థ నుంచి తనే బయటికి వచ్చాడు. ఆ మరుసటి ఏడాదే సీలియాక్ సొసైటీ.

ఈ రెండింటినీ ఆయన మనసులో ఎలా ముడిపెట్టుకున్నాడో నేను చెప్పలేను. బయట నుంచి చూస్తే నాకు కనిపించేది ఇది: ఆమ్నెస్టీ గొడవలో ఎవరూ సొమ్ము జేబులో వేసుకోలేదు. ఉద్దేశం మంచిదే. అయినా సంస్థ పరువు దాదాపు పోయేంత పనైంది. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అడిగే గట్టి గుంపు లేకపోతే, మంచివాడి చేతిలో కూడా సంస్థ పగిలిపోతుంది. మా భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. అడ్మిన్ యాక్సెస్ అంతా ఒక్కడి దగ్గరే ఉంటే, ఆ ఒక్కడు ఎంత మంచివాడన్నది సిస్టమ్‌కి అనవసరం.

ఇక్కడే ట్రస్టీలు వస్తారు. ఈ ఆలోచన చాలా పాతది. 1601లో, మొదటి ఎలిజబెత్ కాలంలో, ధర్మం కోసం ఇచ్చిన డబ్బు దారి మళ్ళుతోందని ఇంగ్లండ్ ఒక చట్టం చేసింది. వృద్ధులకీ, బీదలకీ, గాయపడిన సైనికులకీ, బడులకీ, వంతెనలకీ ఇచ్చిన సొమ్ము నిజంగా అక్కడికే వెళ్తోందా అని విచారించే ఏర్పాటు అందులో ఉంది.

1726లో ఒక కేసు వచ్చింది, లా చదివేవాళ్ళకి కీచ్ వర్సెస్ శాండ్‌ఫర్డ్ అంటే తెలుస్తుంది. లండన్ దగ్గర రోమ్‌ఫర్డ్ సంత ఆదాయం మీద ఒక లీజు ఉంది. అది ఒక మైనర్ పిల్లవాడి తరఫున ట్రస్టీ చేతిలో ఉంది. గడువు అయిపోయింది. యజమాని పిల్లవాడి పేరు మీద లీజు తిరిగి రాయనన్నాడు. ట్రస్టీ ఏం చేశాడు? "సరే, నా పేరు మీద రాయండి" అన్నాడు. అందులో మోసమేమీ లేదు, పిల్లవాడికి ఎలాగూ దక్కేది కాదు కదా. అయినా కోర్టు ఒప్పుకోలేదు. ఆ లీజు ఊళ్ళో ఎవరైనా తీసుకోవచ్చు, ఒక్క ట్రస్టీ మాత్రం తీసుకోకూడదు అని తేల్చింది. లీజు, లాభం రెండూ పిల్లవాడికే వెళ్ళాయి.

ఎందుకంత కఠినం? ఒక్కసారి సందు ఇస్తే, తర్వాత వచ్చే ప్రతి ట్రస్టీ లీజు కోసం గట్టిగా అడగడం మానేసి, తన పేరు మీదకి ఎప్పుడొస్తుందా అని చూస్తాడు. కంచే చేను మేస్తే అని మనవాళ్ళు అన్నది దీని గురించే. ఈ సూత్రం మన దేశానికీ వచ్చింది. 1882 ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్‌లో సెక్షన్ 50 ప్రకారం, ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, ట్రస్టీకి తన శ్రమకీ సమయానికీ ప్రతిఫలం అడిగే హక్కు లేదు. సెక్షన్ 51 ప్రకారం ట్రస్టు ఆస్తిని సొంత లాభానికి వాడకూడదు. ఆ చట్టం ప్రైవేట్ ట్రస్టులదే, కానీ భావన అందరిదీ. తెలుగులో ట్రస్టీకి మాట ఏంటో తెలుసు కదా, ధర్మకర్త. గుడి భూములు దేవుడివి, ధర్మకర్త వాటిని చూసుకునేవాడు మాత్రమే.

ఇప్పుడు మళ్ళీ రొట్టె దగ్గరికి వద్దాం. గోధుమ కంకి మీద అడ్డగీత ఉండే గుర్తు కొన్ని ప్యాకెట్ల మీద చూసే ఉంటారు. గ్లూటెన్ లేదని చెప్పే గుర్తు అది. సీలియాక్ యూకే కూడా కంపెనీలకి దీన్ని లైసెన్స్ ఇస్తుంది. పరిమితి కిలోకి 20 మిల్లీగ్రాములు. ఒక బియ్యపు గింజ బరువు దాదాపు అంతే ఉంటుంది. యూరప్‌లో 2012 నుంచి గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే ఇదే రూల్, మన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన పరిమితి కూడా ఇదే.

ఊహించుకోండి, ఒక పెద్ద బిస్కెట్ కంపెనీ ఇలాంటి ఛారిటీకి భారీ విరాళం ఇస్తానంది. వాళ్ళ టెస్ట్ రిపోర్ట్‌లో అంకె కొంచెం అటూ ఇటూగా ఉంది. ఆఫీసు నడిపే మేనేజర్‌కి జీతాలు ఇవ్వాలి, అద్దె కట్టాలి, ఆ విరాళం చాలా అవసరం. అప్పుడు బోర్డు టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఒకరికైనా "ఈ డబ్బు రాకపోయినా నాకు పోయేదేం లేదు, ఆ బిస్కెట్ తినేది మాత్రం ఎవరో ఒకరి బిడ్డ" అనగలిగే స్వేచ్ఛ ఉండాలి. జీతం లేకపోవడం ఇచ్చేది ఆ స్వేచ్ఛనే. ఆ కంపెనీలో షేర్లున్న ట్రస్టీ ఎవరైనా ఉంటే ముందే చెప్పి ఆ చర్చ నుంచి తప్పుకోవాలి. ప్రయాణ ఖర్చులు తీసుకోవచ్చు, లాభం తీసుకోకూడదు. రోజువారీ పని జీతమున్న ఉద్యోగులది, దారి తప్పకుండా చూసే బాధ్యత ట్రస్టీలది.

పేగుల కోసం పనిచేసే ఇతర సంస్థలూ ఇదే పునాది మీద లేచాయి. 1971లో ఫ్రాన్సిస్ ఏవరీ జోన్స్ అనే పెద్ద డాక్టర్ బ్రిటిష్ డైజెస్టివ్ ఫౌండేషన్ పెట్టాడు. ఇప్పుడది గట్స్ యూకే, పేగు, కాలేయం, క్లోమం జబ్బుల మీద పరిశోధనకి డబ్బు ఇస్తుంది. ఒక సంస్థ రోగుల ఇళ్ళల్లోంచి పుట్టింది, ఇంకొకటి డాక్టర్ గదిలోంచి. రెండు చోట్లా చివరి మాట జీతం లేని బోర్డుదే.

అన్ని గెలుపులే అని చెప్పను. బ్రిటన్‌లో గ్లూటెన్ లేని రొట్టె, పిండి లాంటివి ప్రభుత్వ వైద్యం కింద డాక్టర్ చీటీ మీద దొరికేవి. 2018 డిసెంబర్‌లో ఇంగ్లండ్ ఆ జాబితాని రొట్టె, పిండి మిక్స్‌లకే కుదించేసింది. సీలియాక్ యూకే చీటీల కోసం పోరాడింది, అయినా కోత ఆగలేదు.

ఇంకో పెద్ద లోపం కూడా ఉంది. జీతం లేని పనికి ఎవరు రాగలరు? ఇల్లు గడిచేవాళ్ళు, రిటైరైనవాళ్ళు. ఇంగ్లండ్, వేల్స్ ట్రస్టీల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో ముగ్గురిలో ఇద్దరు మగవాళ్ళని, 92 శాతం తెల్లవాళ్ళని తేలింది. షాపులో డబ్బా పట్టుకుని లేబుల్ చదివే అమ్మలు టేబుల్ దగ్గర తక్కువ, ఆమె గురించి మాట్లాడే పెద్దాయనలు ఎక్కువ. సొంత లాభం కోసం వంగకుండా ఆపే రూలే, చాలామందిని గుమ్మం బయటే ఆపేస్తోంది. దీనికి నా దగ్గర రెడీమేడ్ ఫిక్స్ లేదు. కానీ అక్కడి చట్టంలో ఒక చిన్న తలుపు ఉంది. ఛారిటీ కంపెనీ రూపంలో రిజిస్టర్ అయితే 16 ఏళ్ళకే ట్రస్టీ కావచ్చు.

కాబట్టి ఫ్రెండ్స్, ఈసారి ఏదైనా ట్రస్టుకి ఫోన్‌లో ఐదొందలు కొట్టే ముందు, వీడియోలో ఏడుస్తున్న మొహాన్ని చూశాక ఇంకో నిమిషం ఆగండి. ట్రస్టీలు ఎవరో రాశారా? లెక్కలు పెట్టారా? అందరూ ఒకే ఇంటిపేరు వాళ్ళేనా? సంస్థ సరుకు కొనేది ట్రస్టీ బావమరిది కొట్టులోనేనా? అడగండి. అడిగితే కోప్పడే సంస్థకి ఇవ్వకండి. ఓపిగ్గా జవాబు చెప్పే సంస్థ దొరికితే, డబ్బుతో పాటు నెలకి రెండు గంటలు కూడా ఇవ్వగలరేమో ఆలోచించండి. లెక్కలు చదవడం వచ్చినవాళ్ళు, కుదరదు అని మొహం మీద చెప్పగలిగేవాళ్ళు వాళ్ళకి చాలా అవసరం.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఈలోపు మీ వంటింట్లో ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి ఏం రాసుందో చదవండి.