నీరు పనికిరాని ద్రావణి

జీవకణములో న్యూక్లిక్ ఆమ్లములు నీటి నడుమనే తయారగుచున్నవి. రసాయనశాస్త్రజ్ఞుని కుప్పెలో మాత్రము నీరే శత్రువు. ఏలయన, రెండు న్యూక్లియొటైడులను కూర్చుటకై ఫాస్ఫేటును చురుకుగొలిపినచో, రెండవ న్యూక్లియొటైడు కంటె ముందుగా నీరే దానిపై బడి పనిని మొదటికి తెచ్చును.

1968లో నోబెల్ బహుమతి నందుకొన్న డాక్టర్ హరగోవింద్ ఖొరానా పద్ధతిలో ఫాస్ఫేటుపై విద్యుదావేశ ముండెడిది. అట్టి లవణములు ఈథరు, బెంజీను వంటివానిలో కరగవు. నీటిలో కరగును, కాని అది నిషిద్ధము! అందుచే తేమలేని పిరిడీను నెన్నుకొనిరి. దాని దుర్గంధమును సహింపవలసినదే. పైగా 115 డిగ్రీల సెంటీగ్రేడు వద్దగాని మరుగదు. ప్రతిమారును దానిని తొలగించుట ఎంత శ్రమయో ప్రయోగశాలలో పనిచేసినవారికి తెలియును. 1970 నాటికి 77 జంటల ఈస్టు జన్యువును వారు నిర్మించిరి. చిత్రమేమనగా, పిరిడీనులో చేసిన పొట్టి ముక్కలను ఎంజైముతో అతికించినది మరల నీటిలోనే.

ఫాస్ఫేటు ఆవేశమును కప్పివేయు మార్గమును 1960లలో లెట్సింగర్ చూపెను. దానితో ఇతర ద్రావణులకును తావు దొరకినది. 1981లో బ్యూకేజ్, కారథర్స్‌లు ప్రకటించిన ఫాస్ఫొరమిడైటు పద్ధతినే నేటి యంత్రములు అనుసరించుచున్నవి. వానిలో ముఖ్య ద్రావణి 82 డిగ్రీల వద్ద మరుగు అసిటోనైట్రైలు. అయోడీనుతో ఆక్సీకరించు మెట్టులో మాత్రము నీరు కావలెను. తరువాతి న్యూక్లియొటైడును చేర్చుటకు ముందు ఆ తడినంతయు అసిటోనైట్రైలుతో కడిగివేయుదురు.