విషం ఎవరిది, వేలు ఎవరి మీద?

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని కార్యదర్శిగారు కబురు పంపారు. వేంగి రాజుల గురించో, కొల్లేటి కోట గురించో రాస్తాననుకుని ఉంటారు. వాటి మీద నాకంటే తెలిసినవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మన కళ్లెదుట జరిగిన చరిత్ర రాస్తాను.

2020 డిసెంబరు 5వ తేదీ, శనివారం. కరోనాతో తలుపులు బిగించుకుని కూర్చున్న రోజులు. ఏలూరు వన్‌టౌన్‌లో దక్షిణపు వీధి, పడమర వీధి, కొత్తపేట ప్రాంతాల్లో మనుషులు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. మూర్ఛ, నోటి వెంట నురగ, వాంతులు, తలనొప్పి. మూడు నాలుగు నిమిషాల్లో తేరుకున్నవారు కొందరు, ఆసుపత్రికి మోసుకుపోవలసి వచ్చినవారు కొందరు. వారం తిరిగేసరికి బాధితులు ఆరు వందలు దాటారు. పరిస్థితి బాగా లేనివారిని విజయవాడ తరలించారు. 45 ఏళ్ల వ్యక్తి ఒకరు మొదటి రోజుల్లోనే చనిపోయారు. అందరికీ కరోనా పరీక్షలు చేస్తే లేదని వచ్చింది. ఒకే ఇంట్లో ఒకరికి వచ్చి పక్కవారికి రాకపోవడంతో అంటువ్యాధి కాదని కూడా తేలింది.

ఇక ఊరంతా ఒకటే ప్రశ్న. ఎవరు చేశారు? ఏమి జరిగిందని అడిగినవారికంటే ఎవరు చేశారని అడిగినవారే ఎక్కువ. మునిసిపల్ నీళ్లన్నారు కొందరు. ఏలూరుకు కృష్ణ కాలువ నీరు, గోదావరి కాలువ నీరు రెండూ వస్తాయి గనుక ఆ రెండు కాలువల మీదా అనుమానమే. అయితే కొళాయి నీరు ముట్టని, డబ్బా నీళ్లు కొనుక్కునే ఇళ్లవారు కూడా పడిపోయారు. పాలన్నారు, దోమల మందన్నారు, బ్లీచింగ్ పౌడరన్నారు. ప్రతిపక్షం ప్రభుత్వాన్ని అన్నది, ప్రభుత్వ పక్షం వెనుకటి ప్రభుత్వాన్ని అన్నది. అదే సంవత్సరం అమెరికా అధ్యక్షుడు ట్రంపు కరోనాను చైనా వైరస్ అని పిలుస్తున్నాడు. రోగానికి దేశం పేరు పెట్టడం చెవికి అలవాటైపోయిన కాలమది.

మన ఉద్యోగ జీవితంలో ఈ సంగతికి ఒక పద్ధతి ఉండేది. ఒకసారి నన్ను ఒక గోడౌను వ్యవహారంలో విచారణాధికారిగా వేశారు. సరుకు తూకంలో తేడా. ఆఫీసంతా ఏకగ్రీవంగా వాచ్‌మన్ పేరే చెప్పింది. అతను మాట పెళుసు మనిషి, ఎవరికీ ఇష్టం లేదు. తీరా చూస్తే కాటాయే తప్పు. ఛార్జి మెమో, సంజాయిషీ, విచారణ, నివేదిక, ఆ పిమ్మట ఉత్తర్వు అనే వరుస ఎందుకు పెట్టారో నాకు ఆ రోజున అర్థమైంది. దేశాల మధ్య ఆ వరుస ఎవరు పాటిస్తారు? ఛార్జి మెమో ఇచ్చేదీ, సాక్ష్యం పోగుచేసేదీ, శిక్ష వేసేదీ ఒకరే అయితే?

2018 మార్చి 4వ తేదీన ఇంగ్లండులో సాలిస్‌బరీ అనే చిన్న పట్టణంలో సెర్గీ స్క్రిపాల్, ఆయన కూతురు యూలియా ఒక బల్ల మీద స్పృహ లేకుండా కనిపించారు. ఆయన రష్యా సైనిక గూఢచారి శాఖలో పని చేస్తూ బ్రిటనుకు రహస్యాలు అందించినవాడు. వాడిన విషం నోవిచోక్, సోవియట్ కాలంలో తయారైన నరాల విషం. మార్చి 12న ప్రధాని థెరిసా మే పార్లమెంటులో అన్నమాట మనం గమనించదగింది. ఇది రష్యా ప్రభుత్వం నేరుగా చేసిన పని అయినా కావాలి, లేదా ఆ విషం వారి చేయి దాటిపోయి ఉండాలి, మంగళవారం ముగిసేలోగా జవాబు చెప్పాలి అన్నారు. ఇరవై నాలుగు గంటల సంజాయిషీ మెమో అన్నమాట! రష్యా జవాబు ఇవ్వకపోగా ఎగతాళి చేసింది. 14వ తేదీన బ్రిటన్ 23 మంది రష్యా దౌత్య సిబ్బందిని వెళ్లిపొమ్మన్నది.

అక్కడ చర్చ చాలా వేడిగా జరిగింది. ప్రతిపక్ష నాయకుడు జెరెమీ కోర్బిన్, విషం నమూనా ఇమ్మని రష్యా అడిగింది గదా, ఏమి జవాబిచ్చారని సభలో అడిగాడు. ఆయనకు సొంత పార్టీవారి నుంచే చీవాట్లు పడ్డాయి. విదేశాంగ మంత్రి బోరిస్ జాన్సన్, మన ప్రయోగశాల వారే ఖాయంగా చెప్పారన్నట్టు ఒక జర్మను టీవీతో అన్నాడు. ఏప్రిల్ 3న ఆ పోర్టన్ డౌన్ ప్రయోగశాల అధిపతి మాత్రం, అది నోవిచోక్ అని గుర్తించాము గాని ఎక్కడ తయారైందో మేము నిర్ధారించలేదన్నాడు. నా దృష్టిలో ఆ వ్యవహారమంతటిలో ప్రయోగశాల మనిషి మాట్లాడవలసిన మాట అదే. తాను చూసింది చెప్పాడు, చూడనిది పైవారికి వదిలాడు. అంతర్జాతీయ రసాయనిక ఆయుధ నిషేధ సంస్థ కూడా ఏప్రిల్ 12న విషాన్ని ధ్రువపరిచింది, దేశం పేరు చెప్పలేదు.

అలాగని ప్రధాని వేలు తప్పు చోట పడిందనుకోరాదు. జూన్ 30న దగ్గరలోని ఏమ్స్‌బరీలో డాన్ స్టర్జెస్ అనే ఆవిడ, పారేసిన అత్తరు సీసాలోని అదే విషం ఒంటికి పూసుకుని పడిపోయింది, జులై 8న మరణించింది. ఏ రహస్యంతోనూ సంబంధం లేని తల్లి ఆవిడ. సెప్టెంబరులో ఇద్దరు రష్యన్ల మీద నేరం మోపారు. వారు విమానం దిగినది మొదలు సాలిస్‌బరీ వీధుల్లో నడిచినదాకా కెమెరా చిత్రాలు బయటపెట్టారు. గుడి గోపురం చూడడానికి వెళ్లామని ఆ ఇద్దరూ రష్యా టీవీలో చెప్పుకున్నారు, పసిపిల్లలు కూడా నమ్మని మాట. ఆవిడ మరణం మీద మాజీ న్యాయమూర్తి లార్డ్ హ్యూస్ జరిపిన బహిరంగ విచారణ నివేదిక 2025 డిసెంబరులో వచ్చింది. స్క్రిపాల్ మీద దాడికి అనుమతి రష్యా అధ్యక్షుడు పుతిన్ నుంచే వచ్చి ఉండాలని అందులో రాశారు. రష్యా మొదటి నుంచీ కాదనే అంటోంది. మొదటి వారంలో అన్నమాటకు పూర్తి సాక్ష్యం కూడడానికి ఏళ్లు పట్టింది.

తప్పు చోట వేలు పడిన కథ ఇంకొకటి ఉన్నది. 1981 సెప్టెంబరు 13న అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్ పశ్చిమ బెర్లినులో మాట్లాడుతూ లావోస్, కంబోడియాలలో సోవియట్ పక్షం బూజు విషం చల్లుతోందని అభియోగం చేశాడు. ఆకుల మీద పసుపు మచ్చలు పడుతున్నాయని, మనుషులు చనిపోతున్నారని కొండజాతి హ్మాంగ్ కాందిశీకులు చెప్పారు. పసుపు వాన అని పేరు వచ్చింది. చేతిలో ఉన్న సాక్ష్యం ఒక ఆకు, ఒక కాడ. హార్వర్డు శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ ఆ మచ్చలు పరీక్షిస్తే నిండా పుప్పొడి. అవి తేనెటీగల రెట్టలని ఆయన బృందం చెబితే జనం నవ్వారు. 1984లో థాయిలాండు వెళ్లి చూస్తుంటే ఆ పసుపు వాన వారి నెత్తినే కురిసింది! చెట్ల కొమ్మలకు పెద్ద పట్టులు పెట్టే ఈగలు గుంపుగా ఎగిరి ఒకేసారి రెట్ట వేస్తాయి. దొడ్లో చెట్టుకు పట్టు ఉండి, కింద పంచె ఆరేసిన మన ఊళ్ల వారిని అడిగితే హేగ్ గారికి అప్పుడే చెప్పేవారు. 1986లో బ్రిటన్ ప్రభుత్వం తమ నిపుణులు చూసిన నమూనాలలో ఆ విషం దొరకలేదని ఒప్పుకుంది. అమెరికా మాత్రం ఆ అభియోగాన్ని లాంఛనంగా ఈనాటికీ ఉపసంహరించుకోలేదు. ఈ గొడవలో హ్మాంగ్ జనం నిజంగా దేనితో చనిపోయారన్న ప్రశ్న పక్కకు పోయింది. నన్ను ఎక్కువ బాధించేది అదే.

మన దేశానికీ ఈ అనుమానాలు కొత్త కావు. 1970ల తొలినాళ్లలో ఢిల్లీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన వైద్య పరిశోధన మండలి కలిసి, అమెరికా డబ్బుతో దోమల జన్యు నియంత్రణ కేంద్రం నడిపాయి. అమెరికా దీనిని సూక్ష్మజీవుల యుద్ధానికి వాడుకుంటుందని 1974లో పీటీఐ వార్త వచ్చింది, పార్లమెంటులో అల్లరి అయింది. 1975లో పబ్లిక్ అకౌంట్స్ కమిటీ గట్టిగా రాసింది, కేంద్రం మూతపడింది. అనుమానం నిజమని రుజువు కాలేదు. సమాచారం దాచిపెట్టి పని చేస్తే అనుమానం రాక మానదు గదా!

మళ్లీ ఏలూరు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్త నమూనాలలో మొదట సీసం, నికెల్ కనిపించాయి. బ్యాటరీల మీద పడింది ఊరి చూపు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వారు వచ్చి కూరగాయలలో పురుగుమందు అవశేషాలు కనిపెట్టారు. డిసెంబరు 16 నాటి ముఖ్యమంత్రి సమీక్షలో ఎయిమ్స్, నీరి నిపుణులు పురుగుమందు అవశేషాలే ముఖ్య కారణమన్నారు. అవి మనుషుల ఒంట్లోకి ఏ దారిన చేరాయో తెలియడానికి దీర్ఘకాలం పరిశీలించాలని కూడా వారే చెప్పారు. కేసులు అంతకుముందే ఆగిపోయాయి, పత్రికలు వేరే వార్తల్లో పడ్డాయి.

పరాయి దేశం, గూఢచారి, అత్తరు సీసా ఏవీ లేవు మన కథలో. పురుగుమందు కొన్నవారు, అమ్మినవారు, కొట్టినవారు అందరూ మనవారే. తమ్మిలేరు, బుడమేరు వెంట వచ్చే పొలాల మురుగంతా కొల్లేటిలోకే చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. పైరు మీద కొట్టినదానిలో కొంత ఆ నీటి వెంట పోతుందని మన వ్యవసాయ శాఖ మిత్రులు సర్వీసులో ఉన్ననాటి నుంచీ చెబుతున్నదే. ఇంతమంది చేతులున్న చోట ఎవరికి మెమో ఇస్తారు?

2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీలి ఏలూరు ఒక జిల్లా అయింది, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. గూడెంలో ఉంటున్న మా చెల్లెలు ఆ డిసెంబరులో రోజూ ఫోను చేసి, "అన్నయ్యా, మీ ఊళ్లో కూరలు కొనకండి, ఇక్కడి నుంచి పంపిస్తాను" అనేది. మా సంతకూ మీ సంతకూ కూరలు వచ్చేది చాలావరకు ఆ పొలాల నుంచే కదమ్మా అంటే ఒప్పుకునేది కాదు. రెండుసార్లు బస్సులో సంచి పంపింది కూడా. మా ఇంట్లో మాత్రం ఆనాటి నుంచి వంకాయలు, టమోటాలు అరగంట ఉప్పునీళ్లలో నానకుండా కత్తిపీట దగ్గరకు రావు.