నిప్పంటని అతుకు

ఉక్కు వండిన ఉత్తర తెలంగాణ నుంచి రివెట్ కొట్టే ఆదిభట్ల దాకా

1820 ప్రాంతంలో హెన్రీ వోయ్‌సీ అనే ఇంగ్లిష్ వైద్యుడు గోదావరికి దక్షిణాన కోనసముద్రం అనే ఊళ్ళో ఆగాడు. దేశాన్ని కొలిచే పనిలో ఉన్న కల్నల్ లాంబ్టన్ సర్వే బృందంలో ఆయన వైద్యుడూ, భూగర్భ శాస్త్రజ్ఞుడూ కూడా. ఇటు జగిత్యాల, అటు నిర్మల్, ఆ ఊరు రెంటికీ మధ్యలో ఉంటుంది. అక్కడి కమ్మరులు మట్టి మూసల్లో ఇనుమును మూసిపెట్టి, రాత్రీ పగలూ తిత్తులు ఊది ఉక్కు ముద్దలు తీయడం ఆయన చూశాడు. ఆ ఉక్కు కోసం పర్షియా నుంచి వచ్చిన వర్తకుడు ఊళ్ళో మకాం వేసి ఉండటం కూడా రాసిపెట్టాడు. ఆయన రాతలు 1832లో అచ్చయ్యాయి.

వోయ్‌సీ చూసింది ఒక్క ఊరినే. 2010లో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్, వరంగల్ జిల్లాల్లో తిరిగారు. వందకు పైగా చోట్ల పాత కొలుముల చిట్టెం కుప్పలు బయటపడ్డాయి. ఆదిలాబాద్ అడవుల్లో ఓజాలు మైనం కరిగించి ఇత్తడి పోత పోస్తారు. కరీంనగర్ కళాకారులు వెండి తీగను మెలితిప్పి, టంకం పెట్టి అతుకుతారు. పని ఏదైనా, ఈ నేలలో లోహవిద్యకు గురువు నిప్పే.

ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన విమానం ఆ విద్యను తలకిందులు చేసింది. దాని ఒళ్ళంతా పల్చటి అల్యూమినియం రేకు. ఆ రేకును నిప్పుతో అతికితే బలం పోతుంది. అందుకే అతుకు చల్లగానే పడాలి. వందేళ్ళుగా ఆ పని చేస్తున్నది రివెట్ అనే చీల.

శనివారం మెత్తన, సోమవారం గట్టి

స్వచ్ఛమైన అల్యూమినియం తేలిక. కానీ మరీ మెత్తన. దానికి బలం తెచ్చే ఉపాయం 1906లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ చేతికి చిక్కింది. అల్యూమినియంలో నూటికి నాలుగు వంతుల రాగి, కొంచెం మెగ్నీషియం కలిపి, కాల్చి, నీళ్ళలో ముంచి చల్లార్చాడు. ఉక్కు అయితే అప్పటికప్పుడే గట్టిపడుతుంది. ఇది పడలేదు. శనివారం కొలత తీసి వదిలేసిన ముక్కను సోమవారం మళ్ళీ పరీక్షిస్తే గట్టిపడి కనిపించిందని లోహశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. ఊరికే ఉంచితే గట్టిపడే ఈ లోహానికి డ్యూరాలుమిన్ అని పేరు పెట్టారు. 1919లో హ్యూగో యుంకర్స్ దానితో ఎఫ్-13 అనే ప్రయాణికుల విమానం కట్టాడు. పూర్తిగా లోహంతో తయారైన మొదటి ప్రయాణికుల విమానం అదే.

ఈ లోహంతో కమ్మరికి రెండు చిక్కులు. ఇనుము కాలే కొద్దీ ఎర్రబడి, పసుపు తిరిగి, ఎప్పుడు సుత్తె వేయాలో చెబుతుంది. అల్యూమినియం సుమారు 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది కానీ అంతదాకా రంగు మారదు. చూస్తుండగానే చేతిలోని ముక్క జారిపోతుంది. రెండోది, కరగకపోయినా వేడి తగిలిన చోటల్లా విల్మ్ కనిపెట్టిన గట్టితనం చెడుతుంది. మామూలు వెల్డింగ్ చేస్తే అతుకు దగ్గర పగుళ్ళు వస్తాయి. ఆ కాలపు రైలు వంతెనలకు రివెట్లను ఎర్రగా కాల్చి కొట్టేవారు. విమానానికి అదీ కుదరదు. ఇనుప బొక్కెన చెవిని రెండు చీలలతో బిగించినట్టు, విమానం రెక్కను వేల చీలలతో చల్లగా బిగించడమే మిగిలిన దారి.

రాగి ఇచ్చిన బలం, రాగి తెచ్చిన తుప్పు

అల్యూమినియానికి తుప్పు పట్టదని మనకో నమ్మకం. వంటింటి గిన్నె విషయంలో అది చాలావరకు నిజం. గాలి తగలగానే దాని మీద పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. విమానపు రేకులో రాగి ఉంటుంది. బలం ఇచ్చిన ఆ రాగే తడి తగిలితే లోపల్లోపల చిన్న బ్యాటరీలా పనిచేసి పక్కనున్న అల్యూమినియాన్ని తినేస్తుంది. తొలి డ్యూరాలుమిన్ విమానాల్లో బయటికి బాగున్న రేకు లోపల పొరలు పొరలుగా పొడి అయిపోవడం ఇంజనీర్లను భయపెట్టింది.

దీనికి రెండు మందులు దొరికాయి. 1920ల చివర్లో అమెరికాలో అల్కోవా కంపెనీ గట్టి రేకుకు రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అతికి చుట్టింది. దానికి అల్‌క్లాడ్ అని పేరు. 1929లో డెట్రాయిట్ దగ్గర ఆ రేకుతో ఒక గగననౌకను కట్టారు. దాని ఒంటికి ముప్పై లక్షలకు పైగా రివెట్లను యంత్రంతో కుట్టారు. రెండో మందు ప్రైమర్ అనే పూత. 1930ల నుంచి అమెరికా విమానాల లోపలి భాగాలకు జింక్ క్రోమేట్ పూయడం మొదలైంది. పాత యుద్ధ విమానాల లోపలి ఫొటోల్లో కనిపించే ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగు దానిదే. అందులోని క్రోమియం సమ్మేళనం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారితీస్తుందని తేలాక, చాలామంది ఎపాక్సీ ప్రైమర్ల వైపు మళ్ళారు.

అల్‌క్లాడ్ ఉంటే ప్రైమర్ ఎందుకు? ఆ కాపు పొర రేకు ముఖాల మీదే ఉంటుంది. అంచు కత్తిరించిన చోట, రివెట్ కోసం రంధ్రం వేసిన చోట లోపలి రాగి లోహం బయటపడుతుంది. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కూర్చునే సందులో వానాకాలపు తేమ చేరి ఆరకుండా నిలుస్తుంది. ఒకసారి రివెట్ పడిందంటే ఆ సందులోకి మళ్ళీ బ్రష్షు పోదు. కాబట్టి ఇంకెప్పటికీ కంటికి కనిపించని చోటికే ముందుగా పూత పడాలి.

పని జరిగే తీరు

పెద్ద ఫ్యాక్టరీలో అయినా, ఇంటి షెడ్డులో విడిభాగాల కిట్‌తో విమానం కట్టుకునేవారికైనా పని వరుస ఒకటే. ముందు రెండు రేకులనూ కలిపి క్లీకో అనే స్ప్రింగు పిన్నులతో తాత్కాలికంగా బిగిస్తారు. 3.2 మిల్లీమీటర్ల రివెట్‌కు వేసే రంధ్రం దానికన్నా మిల్లీమీటరులో పదో వంతు కూడా పెద్దది కాకూడదు. రంధ్రం వేశాక రేకులను విడదీసి, అంచున లేచిన గరుకును తీసేస్తారు. ఆ గరుకు మిగిలితే రేకులు కలిసి కూర్చోవు, పైగా పగులు అక్కడే మొదలవుతుంది. తర్వాత కడగడం, రుద్దడం, ప్రైమర్ కొట్టడం. రుద్దడానికి ఇనుప పీచు వాడరు. దాని నుసి అల్యూమినియంలో దిగి తుప్పుకు విత్తనమవుతుంది. అదే కారణంతో రేకు మీద పెన్సిల్‌తో గీత కూడా గీయరు. పెన్సిల్‌లోని గ్రాఫైట్ కూడా రాగి చేసే పనే చేస్తుంది.

రివెట్ కొట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు బయటి నుంచి, గాలి ఒత్తిడితో దెబ్బలు కొట్టే గాలి తుపాకీని రివెట్ తలకు ఆనిస్తారు. ఇంకొకరు లోపల నున్నటి ఉక్కు దిమ్మెను తోకకు ఆనించి పట్టుకుంటారు. దెబ్బ పడేది తల మీద, నలిగేది తోక. తోక నలిగి రంధ్రమంతా నిండి, అవతల గుండ్రటి బిళ్ళగా పరుచుకోవాలి. ఆ బిళ్ళ వెడల్పు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు రివెట్ మందంలో సగం ఉంటే పని కుదిరినట్టు. తక్కువ కొడితే పట్టు ఉండదు. ఎక్కువ కొడితే లోహం పెళుసుబారి పగులుతుంది. తప్పిపోయిన రివెట్‌ను రంధ్రం పాడవకుండా డ్రిల్లుతో తీసి మళ్ళీ మొదలుపెట్టాలి. కొన్ని గట్టి రకాల రివెట్లను కాల్చి చల్లార్చాక ఫ్రీజర్‌లో దాచి, బయటికి తీయగానే కొట్టాలి. విల్మ్ కనిపెట్టిన గుణమే ఇక్కడ గడియారంలా నడుస్తుంటుంది. ఆలస్యమైతే రివెట్ తనంతట తానే గట్టిపడిపోతుంది.

ఈ పనిని సామాన్యుడి షెడ్డులోకి తెచ్చినవాళ్ళలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ ముఖ్యుడు. 1973లో ఆయన పెట్టిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ కిట్లతో ప్రపంచమంతటా 11 వేలకు పైగా విమానాలు ఎగిరాయి. అంతటి కంపెనీ 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. కారణాల్లో రెండు మన కథలోవే. లేజర్‌తో కోసిన రంధ్రాల అంచుల్లో పగుళ్ళు కనిపించాయి. ముందే సగం కట్టి పంపిన కిట్లలో ప్రైమర్ సరిగా లేక తుప్పు పట్టింది. మరుసటి ఏడాది కంపెనీ తేరుకుంది. రంధ్రపు అంచూ, కనిపించని పూతా యాభై ఏళ్ళ సంస్థను కుదిపేశాయంటే ఈ పనిలో చిన్న తప్పంటూ ఏదీ లేదన్నమాట.

మన దేశంలో సొంతంగా విమానం కట్టుకోవడం చాలా అరుదు. పైలట్ అమోల్ యాదవ్ ముంబైలో ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2017 నవంబరులో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ దానికి రిజిస్ట్రేషన్ ఇచ్చింది.

మన ఆకాశంలో రేకు రెక్కలు

అల్యూమినియం విమానం తెలంగాణకు కొత్త కాదు. 1945లో నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టింది. బేగంపేట నుంచి ఎగిరిన ఆ సంస్థ డకోటాలు ఒంటినిండా రివెట్లున్న విమానాలే. దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది కూడా ఆ సంస్థే. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఇటు బెంగళూరులో వి.ఎం. ఘాట్గే రూపొందించిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం 1951లో ఎగిరింది. మన దేశంలోనే రూపకల్పన జరిగిన పూర్తి లోహ విమానమది.

ఉత్తర తెలంగాణకు మాత్రం విమానం చుట్టపు చూపుగానే వచ్చింది. నిజాం కాలంలో వరంగల్ మామునూరులో రన్‌వే వేశారు. ఆదిలాబాద్ ఎయిర్‌స్ట్రిప్ కూడా నిజాం కాలానిదే, తర్వాత రక్షణ శాఖ చేతిలోకి వెళ్ళింది. కరీంనగర్ వైపు బసంత్‌నగర్‌లో సిమెంట్ ఫ్యాక్టరీ కోసం రన్‌వే వెలిసింది. 1980ల్లో కొంతకాలం వాయుదూత్ విమానాలు అక్కడ దిగాయి. ఈ రన్‌వేలను మళ్ళీ తెరవాలని ఎన్నికల వేళ నాయకులు అంటూనే ఉంటారు. విమానం ఎక్కడం గురించి ఇంత మాట్లాడుకున్న మనం విమానం కట్టడం గురించి మాట్లాడుకోలేదు.

అటు నాగపూర్, ఇటు ఆదిభట్ల

విమానం కట్టే పని మన గడప దాకా వచ్చేసింది. హైదరాబాద్ శివారు ఆదిభట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ కలిసి 2010లో పెట్టిన సంస్థ సీ-130జే రవాణా విమానం తోక భాగాలు తయారు చేస్తోంది. కొత్తగా తయారయ్యే ప్రతి సీ-130జే తోక ఇక్కడి నుంచే వెళ్తుంది. ఇప్పటికి రెండు వందలకు పైగా వెళ్ళాయి. అక్కడే టాటా, బోయింగ్ ఉమ్మడి ఫ్యాక్టరీలో 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. అటు నాగపూర్ మిహాన్‌లో ఫ్రెంచ్ కంపెనీ దసో, రిలయన్స్ కలిసి ఫాల్కన్ 2000 జెట్ ముందు భాగాలు కడుతున్నాయి. జాతీయ రహదారి 44 మీద ఆదిలాబాద్ నుంచి నాగపూర్ సుమారు 200 కిలోమీటర్లు, హైదరాబాద్ 300 పైచిలుకు. రెండు విమాన నగరాల మధ్య దారిలో మన ఆదిలాబాద్ జిల్లా కూర్చుని ఉంది.

ఈ ఫ్యాక్టరీల్లో రంధ్రాలు వేసే యంత్రాలున్నాయి. అయినా రెక్క మూలల్లో, తోక లోపలి ఇరుకుల్లో చెయ్యే దూరాలి, కన్నే చూడాలి. దానికి పెద్ద డిగ్రీలు అక్కర్లేదు. కొలతలో అబద్ధం ఆడని చెయ్యి కావాలి. తప్పిన రివెట్‌ను దాచకుండా ‘ఇది తప్పింది’ అని ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టే నిజాయితీ కావాలి. ఏరోనాటికల్ స్ట్రక్చర్ అండ్ ఎక్విప్‌మెంట్ ఫిట్టర్ అనే ట్రేడు ఐటీఐల జాతీయ జాబితాలో ఉంది. నాగపూర్ ప్రభుత్వ ఐటీఐలో దసో కంపెనీ తోడ్పాటుతో 2019 నాటికే అది మొదలైంది. తెలంగాణ ప్రభుత్వం కూడా టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను ఆధునిక కేంద్రాలుగా మార్చే పని చేపట్టింది.

కరీంనగర్, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల ఐటీఐల్లో ఈ ట్రేడుకు పూర్తిస్థాయి వర్క్‌షాప్ ఉండాలి. అందులో ప్రైమర్ గది, గాలి తుపాకులు, పాత విమానం రెక్క ఒకటి ఉంటే పిల్లలు రెండేళ్ళలో పని నేర్చుకుంటారు. రన్‌వేల కోసం వినతిపత్రం ఇచ్చే ప్రజాప్రతినిధులు అదే కాగితంలో ఈ ఒక్క వాక్యం కూడా చేర్చాలి. పదో తరగతి దాటిన పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట: ఈసారి ఐటీఐ దరఖాస్తు నింపేటప్పుడు ట్రేడుల జాబితా చివరిదాకా చదవండి, ఈ ట్రేడు దగ్గర్లో ఎక్కడుందో అడగండి. రేకు పనే కదా అని తీసిపారేయకండి. ఆ రేకు మీద నమ్మకంతోనే రోజూ లక్షల మంది ఆకాశంలో ప్రయాణిస్తున్నారు.