కథకి కూడా మెయింటెనెన్స్ కావాలి

మన ఫీల్డులో ఎవరికైనా మెయింటెనెన్స్ ప్రాజెక్టు తగిలిందంటే పరామర్శకి వెళ్ళినట్టు మాట్లాడతాం. "అయ్యో పాపం, లెగసీ సిస్టమా!" అని. కానీ సాహిత్యంలో ఒక శాఖ ఉంది, అది ఇవాళ బతికుందంటే ఆ పని చేసేవాళ్ళ పుణ్యమే. దాన్ని ఎలక్ట్రానిక్ సాహిత్యం అంటారు. పుస్తకాన్ని స్కాన్ చేసి నెట్లో పెట్టడం కాదండోయ్. కంప్యూటర్ లేకపోతే చదవడమే కుదరని కథలు, కవితలు. మీరు ఏ లింకు నొక్కితే కథ అటు తిరుగుతుంది.

ఈ చరిత్రలో పెద్ద భాగం అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో నడిచింది. (మన సి.పి. బ్రౌన్ దొరకీ దీనికీ చుట్టరికం లేదు. అయినా చివర్లో ఆయన దగ్గరికి వస్తాను.)

1967లో అక్కడ ఆండ్రీస్ వాన్ డామ్ అనే ప్రొఫెసరు, హైపర్‌టెక్స్ట్ అనే మాటని పుట్టించిన టెడ్ నెల్సన్, కొందరు విద్యార్థులు కలిసి ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీద ఒక హైపర్‌టెక్స్ట్ ఎడిటర్ తయారుచేశారు. తర్వాత వచ్చిన 'ఫ్రెస్' అనే సిస్టమ్ మీద 1976లో ఏకంగా కవిత్వం పాఠమే చెప్పారు. విద్యార్థులు టెర్మినల్ ముందు కూర్చుని కవిత చదివేవారు, పక్కన తమ అభిప్రాయం రాసేవారు, తోటివాళ్ళు రాసినదానికి జవాబిచ్చేవారు. వెబ్ పుట్టడానికి దాదాపు పదిహేనేళ్ళ ముందు మాట ఇది!

1980ల్లో అదే చోట 'ఇంటర్‌మీడియా' వచ్చింది. జార్జ్ లాండో అనే ఇంగ్లీషు ప్రొఫెసరు దాని మీద విక్టోరియన్ సాహిత్యం నేర్పాడు. విద్యార్థులు రాసిన వ్యాసాలు కూడా అందులో లింకులై చేరిపోయేవి. ఇంత బాగా నడిచింది 1991 నాటికి ఆగిపోయింది. ఎందుకు? నిధులు అయిపోయాయి. ఆపిల్ వాళ్ళు కింద ఉన్న యూనిక్స్‌ని మార్చారు. కొత్తదాని మీద ఇది నడవలేదు, పోర్ట్ చేయడానికి బడ్జెట్ లేదు. ఈ కథ మనలో ఎవరికి తెలియదు చెప్పండి :)

లాండో మాత్రం ఊరుకోలేదు. తన సరుకుని 'స్టోరీస్పేస్' అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి, తర్వాత వెబ్‌లోకి మార్చుకుంటూ వచ్చాడు. ఆయన 2023లో పోయారు, కానీ అలా పెరిగిన 'విక్టోరియన్ వెబ్' ఇంకా ఉంది.

ఆ స్టోరీస్పేస్ మీదే అసలు కథలు పుట్టాయి. దాన్ని తయారుచేసినవాళ్ళలో ఒకడైన మైకేల్ జాయిస్ 1987లో 'ఆఫ్టర్‌నూన్' రాశాడు. బ్రౌన్‌లో చదివిన షెల్లీ జాక్సన్ 1995లో 'ప్యాచ్‌వర్క్ గర్ల్' తెచ్చింది. ఫ్రాంకెన్‌స్టైన్ కథలోని ఆడ భూతాన్ని ముక్కలు ముక్కలుగా పాఠకుడి చేతే కుట్టించే కథ. నవలాకారుడు రాబర్ట్ కూవర్ బ్రౌన్‌లోనే హైపర్‌టెక్స్ట్ కథల వర్క్‌షాప్ నడిపి, 1992లో న్యూయార్క్ టైమ్స్‌లో 'పుస్తకాల అంతం' అని వ్యాసం రాశాడు.

తమాషా ఏంటంటే, పుస్తకాలు నిక్షేపంగా ఉన్నాయి. పోయినవి ఫ్లాపీలే. 2007లో మ్యాక్ కొత్త వెర్షన్ వచ్చి పాతకాలం ప్రోగ్రాములని నడపడం మానేసింది. 2020 డిసెంబరు 31న ఫ్లాష్‌కి సపోర్ట్ ఆగింది, దానితో చేసిన వందల కవితలు బ్రౌజర్లో ఖాళీ డబ్బాలయ్యాయి. రాసినవాళ్ళ తప్పు ఏముంది ఇందులో?

మనకీ ఇది తగిలింది. ఒకప్పటి తెలుగు సైట్లలో ఒక్కొక్కరిదీ ఒక్కో ఫాంటు. అక్షరాలన్నీ ఉన్నాయి, ఫాంటు లేకపోతే పిచ్చి గీతలు. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి 'పద్మ' లాంటి టూల్స్ ఎవరో కూర్చుని రాయబట్టి కొంతైనా దక్కింది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి లాండో దారి, పోర్ట్ చేయడం. కానీ కథని పోర్ట్ చేస్తే కొంత మారిపోతుంది. తెరిచే విండోలు, లింకు ప్రవర్తన, ఆ నెమ్మది, అన్నీ కథలో భాగమే కదా. రెండోది డీన్ గ్రిగర్ దారి. ఆవిడ వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాంకూవర్ క్యాంపస్ ల్యాబులో పాత కంప్యూటర్లని పనిచేసే స్థితిలో ఉంచారు. స్టువర్ట్ మౌల్త్‌రాప్‌తో కలిసి, రచయితలనీ పాఠకులనీ ఆ పాత మెషీన్ల ముందు కూర్చోబెట్టి, వాళ్ళు కథ చదువుతుండగా వీడియో తీశారు. 'పాత్‌ఫైండర్స్' పేరుతో 2015లో అది వచ్చింది. మెషీన్ రేపు చచ్చిపోయినా, ఆ కథ చదివితే ఎలా ఉండేదో సాక్ష్యం మిగులుతుంది.

ఇప్పుడు మన బ్రౌన్ దొర. తాటాకు శాశ్వతం కాదు. పురుగు తింటుంది, అంచులు విరుగుతాయి. ఎవరో ఒకరు కొత్త ఆకుల మీదకి ఎత్తి రాస్తూ ఉండబట్టే పద్యం మన దాకా వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో బ్రౌన్ చేసింది అదే. కడపలో సొంత డబ్బుతో పండితులని పెట్టి ప్రతులు సేకరించి, పోల్చి చూసి, శుభ్రంగా మళ్ళీ రాయించాడు. ఆయన కవి కాదు. మెయింటెనెన్స్ ఇంజనీరు! ఆ పని చేసినందుకే ఇప్పటికీ తలుచుకుంటున్నాం.

నా ఉద్దేశంలో, ఎలక్ట్రానిక్ సాహిత్యం నేర్పే ఏ కోర్సులోనైనా సగం మార్కులు కొత్తది రాసినందుకు, మిగతా సగం పాతది ఒకటి మళ్ళీ నడిపించినందుకు ఇవ్వాలి. డిమాండ్ లేని ప్రాడక్టుకి సపోర్ట్ ఆపేయడం కంపెనీకి న్యాయమే, దాన్ని తప్పు పట్టలేం. కానీ యూనివర్సిటీ కూడా ఆపేస్తే ఇక చదివేవాడే ఉండడు.

ఈసారి ఎవరైనా "లెగసీ కోడ్ ఇచ్చారు" అని ఏడిస్తే, నేను బ్రౌన్ దొర పేరు చెప్తాను. ఏ బ్రౌన్ అని అడిగితే, రెండూ అంటాను.