ప్రాచీన ఇశ్రాయేలీయుల ఆరాధన: పవిత్ర స్థలాలు, వస్తువుల ప్రతీకాత్మకత

1. పరిచయం

క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును పట్టుకుని అక్కడి దేవాలయాన్ని తగలబెట్టింది. ప్రాచీన పశ్చిమాసియాలో ఆలయం కూలితే అందులోని దేవుడు ఓడిపోయాడని, లేదా తన ప్రజలను విడిచి వెళ్ళిపోయాడని భావించడం సాధారణం. ఓడిన రాజ్యాలతో పాటు వారి దేవతల ఆరాధన కూడా కాలక్రమంలో కనుమరుగైన సందర్భాలు అనేకం ఉన్నాయి. యూదా రాజ్యం కూలిపోయింది, దేవాలయం బూడిదయింది. ఆరాధన మాత్రం నిలిచింది. ఇది ఎలా సాధ్యమైంది? ఈ ప్రశ్నకు కొంత సమాధానం వారి పవిత్ర స్థలాల అమరికలోనూ, వస్తువుల రూపంలోనూ దొరుకుతుంది.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ప్రత్యక్ష గుడారం, సొలొమోను దేవాలయాల నిర్మాణంలోని ప్రతీకలను వివరించగలుగుతారు.
• గ్రంథ ఆధారాలను, పురావస్తు ఆధారాలను పోల్చి చూడగలుగుతారు.
• దేవాలయం నాశనమైన తరువాత ఈ ప్రతీకల అర్థం ఎలా మారిందో చర్చించగలుగుతారు.

2. ప్రత్యక్ష గుడారం: పవిత్రతలో అంతస్తులు

నిర్గమకాండంలోని వర్ణన ప్రకారం ప్రత్యక్ష గుడారం విప్పి మోసుకుపోగల ఆరాధనా స్థలం. దీనిలో మూడు భాగాలున్నాయి. మొదటిది 100 మూరల పొడవు, 50 మూరల వెడల్పు గల ఆవరణం. మూర అంటే సుమారు 45 సెంటీమీటర్లు. రెండవది గుడారంలోని పరిశుద్ధ స్థలం. మూడవది అడ్డతెర వెనుక ఉండే అతిపరిశుద్ధ స్థలం.

ఈ మూడింటిలో వాడిన లోహాలను గమనించండి. ఆవరణంలోని బలిపీఠం, స్తంభాల దిమ్మలు కంచువి. తెలుగు బైబిలు వీటిని ఇత్తడివి అంటుంది. కాని ఆ కాలంలో వాడుకలో ఉన్నది ప్రధానంగా రాగి, తగరం కలిసిన కంచు. గుడారపు పలకలు వెండి దిమ్మల మీద నిలుస్తాయి. లోపలి బల్ల, ధూపవేదిక, దీపవృక్షం, మందసం అన్నీ బంగారంతో చేసినవి లేదా బంగారు రేకు పొదిగినవి. లోపలికి వెళ్ళేకొద్దీ లోహం విలువ పెరుగుతుంది, ప్రవేశం ఉన్నవారి సంఖ్య తగ్గుతుంది. సామాన్యులు ఆవరణం వరకు, యాజకులు పరిశుద్ధ స్థలం వరకు వెళ్ళవచ్చు. ప్రధాన యాజకుడు ఒక్కడే, ఏడాదికి ఒక్కరోజు, ప్రాయశ్చిత్త దినాన అతిపరిశుద్ధ స్థలంలోకి ప్రవేశిస్తాడు. హీబ్రూ పండితుడు మెనహెం హరాన్ ఈ క్రమాన్ని విస్తృతంగా అధ్యయనం చేశాడు. పవిత్రతను మాటల్లో నిర్వచించడానికి బదులు స్థలం, లోహం, వస్త్రం ద్వారా చూపించడం ఈ అమరిక ఉద్దేశం.

పరిశుద్ధ స్థలంలోని వస్తువులు చూడటానికి ఒక ఇంటి సామగ్రిలాగే ఉంటాయి: బల్ల, రొట్టెలు, దీపం, సుగంధ ధూపం. బల్ల మీది 12 సన్నిధి రొట్టెలు ఇశ్రాయేలీయుల 12 గోత్రాలను సూచిస్తాయని సంప్రదాయ వ్యాఖ్యానం. ఏడు దీపాల స్తంభానికి కొమ్మలు, మొగ్గలు, బాదం పువ్వుల ఆకారాలున్నాయి. అంటే అది దీపం రూపంలో ఉన్న చెట్టు. తెలుగు అనువాదకులు ఎంచుకున్న ‘దీపవృక్షం’ అనే మాట ఈ అర్థాన్ని చక్కగా నిలుపుకుంది.

3. మందసం: ఖాళీ సింహాసనం

అన్నిటికంటే లోపల ఉండేది మందసం. ఇది తుమ్మకర్రతో చేసి బంగారు రేకు పొదిగిన పెట్టె. పొడవు రెండున్నర మూరలు, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర మూరలు. అంటే సుమారు 112 సెంటీమీటర్ల పొడవు, 67 సెంటీమీటర్ల వెడల్పు. దీని మూత అయిన కరుణాపీఠం మీద రెక్కలు చాచిన రెండు కెరూబులు ఎదురెదురుగా ఉంటాయి. పెట్టెలో ఉండేవి ఆజ్ఞల పలకలు.

కెరూబులు ఇశ్రాయేలీయులకు మాత్రమే పరిమితమైన ఊహ కాదు. మెగిద్దోలో దొరికిన దంతపు ఫలకం మీద, బిబ్లోసు రాజు అహిరాము శవపేటిక మీద రెక్కల జంతువులు మోస్తున్న సింహాసనంపై రాజు కూర్చున్న దృశ్యాలున్నాయి. ఆ కాలపు మనిషి కెరూబులను చూడగానే సింహాసనం అని గుర్తిస్తాడు. అయితే మందసం మీద కూర్చున్న రూపం ఏదీ లేదు. సింహాసనం ఉంది, విగ్రహం లేదు. దేవుడు అక్కడ ఉన్నాడని చెప్పడం, ఆయనను ఏ రూపంలోనూ బంధించలేమని చెప్పడం, ఈ రెండు పనులూ ఆ ఖాళీ స్థలమే చేస్తుంది.

మరొక చిన్న వివరం ఈ పాఠానికి ముఖ్యం. మందసాన్ని మోయడానికి ఉంగరాల్లో దూర్చిన మోతకర్రలను ఎప్పుడూ తీయకూడదని నిర్గమకాండం ఆదేశిస్తుంది. అంటే మందసం ఒకచోట నిలిచి ఉన్నప్పుడు కూడా ప్రయాణానికి సిద్ధంగా ఉంటుంది.

4. సొలొమోను దేవాలయం

క్రీ.పూ. 10వ శతాబ్దానికి చెందినదిగా సంప్రదాయం చెప్పే సొలొమోను దేవాలయం పొడవు 60 మూరలు, వెడల్పు 20 మూరలు, ఎత్తు 30 మూరలు. మంటపం, పెద్ద గది, 20 మూరల ఘనాకారపు లోపలి గది అనే మూడు భాగాలు ఇక్కడా ఉన్నాయి. ఈ లోపలి గదిని తెలుగు బైబిలు ‘గర్భాలయం’ అంటుంది. ఆ మాట వినగానే మీకు అక్కడొక మూలవిగ్రహం ఉంటుందనిపించవచ్చు. కాని ఇక్కడ ఉన్నది మందసం, దాన్ని కమ్ముకున్న 10 మూరల ఎత్తు కెరూబులు మాత్రమే.

ఈ నిర్మాణ పద్ధతి ఆ ప్రాంతమంతటా ఉన్నదే. ఉత్తర సిరియాలోని ఐన్ దారా, నేటి టర్కీలోని తెల్ తయినాత్ ఆలయాలు ఇలాంటి నమూనాలోనే ఉన్నాయి. గోడల మీద చెక్కిన ఖర్జూర చెట్లు, పువ్వులు ఏదెను తోటను గుర్తుచేస్తాయి. ఆవరణంలో 12 ఎద్దుల మీద నిలిపిన 10 మూరల వ్యాసం గల ‘సముద్రం’ అనే కంచు తొట్టి, దేవుడు అదుపులో ఉంచిన ఆదిమ జలాలకు ప్రతీక అని అనేకమంది పండితుల అభిప్రాయం.

ఇంత స్థిరమైన రాతి కట్టడంలోకి మందసాన్ని చేర్చిన తరువాత కూడా మోతకర్రలను తీయలేదు. వాటి కొనలు గర్భాలయం ఎదుటి నుండి కనిపించేవని రాజులు మొదటి గ్రంథం ప్రత్యేకంగా చెబుతుంది.

5. తవ్వకాలు చెప్పే సంగతి

గ్రంథాలు చూపే చిత్రం ఒక్కటే పూర్తి చరిత్ర కాదు. 1960లలో యోహనాన్ అహరోని అరాదు కోటలో యూదా రాజ్యకాలపు ఆలయాన్ని బయటపెట్టాడు. దాని లోపలి గదిలో నిలువురాయి, ప్రవేశం దగ్గర రెండు చిన్న ధూపవేదికలు ఉన్నాయి. 2020లో ప్రచురించిన రసాయన పరీక్షల ప్రకారం ఒక వేదిక మీద సాంబ్రాణి జాతి సుగంధం, మరొకదాని మీద గంజాయి అవశేషాలు బయటపడ్డాయి. ఈ రెండో పదార్థం గురించి బైబిలు గ్రంథాల్లో స్పష్టమైన ప్రస్తావన లేదు. బెయేర్షెబాలో కొమ్ములున్న పెద్ద బలిపీఠపు రాళ్ళు ఒక గిడ్డంగి గోడలో మామూలు రాళ్ళుగా వాడినట్లు కనిపించాయి. ఒక రాయి మీద పాము బొమ్మ చెక్కి ఉంది.

దీనినిబట్టి మీరు గ్రహించవలసినది ఏమిటి? ఆరాధన ఒక్క యెరూషలేములోనే జరగలేదు. దానిని ఒకేచోటికి చేర్చే ప్రయత్నం హిజ్కియా, యోషీయా రాజుల సంస్కరణలతో ముడిపడి ఉంది. ప్రజలు ధూపం వేస్తున్న ఇత్తడి సర్పాన్ని హిజ్కియా పగలగొట్టాడని రాజులు రెండవ గ్రంథం చెబుతుంది. ఆ సర్పాన్ని మోషే చేశాడని అదే గ్రంథం అంటుంది. గౌరవనీయమైన ప్రతీక కూడా ఆరాధ్య వస్తువుగా మారితే దానిని తొలగించవచ్చు అన్న ఆలోచన ఇక్కడ కనిపిస్తుంది.

6. దేవాలయం పోయిన తరువాత

బబులోనీయులు కంచు స్తంభాలను, కంచు సముద్రాన్ని ముక్కలు చేసి పట్టుకుపోయారు. ఆ దోపిడీ జాబితాలో మందసం పేరు లేదు. దాని గతి గురించి అనేక కథలు పుట్టాయి. చరిత్రకారునికి అంతకంటే ముఖ్యమైనది చెరలోని ప్రజలు ఏమి ఆలోచించారన్నది. బబులోనులో కెబారు నది ఒడ్డున యెహెజ్కేలు ప్రవక్త చూసిన దర్శనంలో దేవుని సింహాసనానికి చక్రాలున్నాయి. దేవుని మహిమ దేవాలయాన్ని విడిచి కదిలిపోవడం కూడా ఆయన చూస్తాడు. దేవాలయం కూలడం దేవుని ఓటమి కాదు, ఆయన ముందే కదిలాడు అన్నది దీని సారం.

ప్రత్యక్ష గుడారం వర్ణనకు నేటి రూపం చెరకాలంలో లేదా ఆ తరువాత వచ్చిందని అనేకమంది పరిశోధకులు భావిస్తారు. అలా అయితే మోతకర్రల నియమం ఎడారి ప్రయాణపు జ్ఞాపకమా, లేక దేవాలయం కోల్పోయినవారు రాసుకున్న జవాబా? రెండూ కావచ్చు. రాజుల గ్రంథంలోనూ మోతకర్రల ప్రస్తావన ఉంది కాబట్టి ఆ సంప్రదాయం పాతదే కావచ్చు. చెరలో ఉన్నవారికి అది కొత్త అర్థం ఇచ్చింది.

క్రీ.పూ. 515 ప్రాంతంలో పూర్తయిన రెండవ దేవాలయంలో అతిపరిశుద్ధ స్థలం ఖాళీగానే ఉంది. క్రీ.పూ. 63లో రోమన్ సేనాని పాంపే అందులోకి ప్రవేశించినప్పుడు దేవతా విగ్రహమేదీ కనిపించలేదని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. క్రీ.శ. 70లో టైటస్ సైన్యం ఈ దేవాలయాన్నీ నాశనం చేసింది. రోములోని టైటస్ తోరణం మీద సైనికులు దీపవృక్షాన్ని మోసుకుపోతున్న శిల్పాన్ని నేటికీ చూడవచ్చు. విజేతలు తమ గెలుపు గుర్తుగా చెక్కించిన ఆ దీపవృక్షపు రూపమే 1949లో ఇశ్రాయేలు దేశ అధికార చిహ్నంలోకి వచ్చింది.

7. సారాంశం

ప్రాచీన ఇశ్రాయేలీయుల పవిత్ర స్థలాలు లోపలికి వెళ్ళేకొద్దీ పెరిగే పవిత్రతను చూపించాయి. పొరుగువారి నమూనాలనే వాడుకున్నా, కేంద్రంలో విగ్రహం బదులు ఖాళీ సింహాసనాన్ని ఉంచాయి. మందసపు మోతకర్రలు ఆ కేంద్రం కూడా కదలగలదని గుర్తుచేశాయి. అందుకే వస్తువులు పోయినా వాటి అర్థాన్ని ప్రజలు తమతో తీసుకుపోగలిగారు. ప్రతీకను అధ్యయనం చేసేటప్పుడు అది ఎలా ఉందో తెలుసుకోవడంతో ఆగకండి. అది లేనప్పుడు ఏమి మిగిలిందో కూడా అడగండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. ప్రత్యక్ష గుడారంలో లోహాలకు, ప్రవేశార్హతకు గల సంబంధాన్ని వివరించండి.
2. మందసాన్ని ‘ఖాళీ సింహాసనం’ అనడానికి ఆధారాలేమిటి?
3. అరాదు, బెయేర్షెబా తవ్వకాలు గ్రంథ ఆధారాలను ఏ విధంగా సరిచేస్తాయి?