పరామర్శ

సంస్కృతంలో 'మృశ్' అనే ధాతువుకి అర్థం తాకడం, చేత్తో తడమడం. దాని ముందు 'పరా' చేరి పరామర్శ పుట్టింది. ఒకదాన్ని పట్టుకుని, తడిమి, ఇదేమిటో తేల్చుకోవడం అన్నమాట. చేతి పని క్రమంగా బుద్ధి పనిగా మారి, తడమడం కాస్తా ఆలోచించడం, ఆరా తీయడం అయింది. హిందీలో, బెంగాలీలో ఈ మాటకి సలహా అని అర్థం. పక్కనున్న కన్నడంలో పరామర్శె అంటే నిశితంగా పరిశీలించడం. మన గ్రంథాలయాల్లోనూ నిఘంటువుల్ని, విజ్ఞాన సర్వస్వాల్ని పరామర్శ గ్రంథాలంటారు. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో మాత్రం ఈ మాట వేరే దారి పట్టింది. ఎవరికైనా జబ్బు చేస్తేనో, ఎవరింట్లోనైనా మనిషి పోతేనో వెళ్లి కాసేపు కూర్చుని నాలుగు మాటలు మాట్లాడి రావడం మనకి పరామర్శ. 2014 డిసెంబరులో రాజకీయ నాయకురాలు వై.ఎస్. షర్మిల తెలంగాణలో మొదలుపెట్టిన యాత్రకి పరామర్శ యాత్ర అని పేరు పెడితే ఎవరికీ అర్థం విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

తెలుగుకి ఇదొక అలవాటే. బుద్ధికి సంబంధించిన మాటని తెచ్చుకుని గుండె దగ్గరికి చేరుస్తుంది. సంస్కృతంలో విచారం ఆలోచన. మనకి విచారం దుఃఖం. ఈ అలవాటులో గొప్ప మానవత్వం ఉందని నేను నమ్ముతాను. కానీ పరామర్శ విషయంలో గుండెని చేర్చుకునే తొందరలో బుద్ధిని వదిలేశామేమో అని కూడా అనిపిస్తుంది. ముఖ్యంగా క్యాన్సర్ వచ్చిన ఇంటి ముందు నిలబడ్డప్పుడు.

ఉదాహరణకి హారిస్‌డేల్‌నే తీసుకోండి. ఇది ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి ఆగ్నేయంగా, ఆర్మడేల్ నగరపాలక పరిధిలో ఈ శతాబ్దంలో లేచిన పేట. ఇక్కడా, పక్కనున్న పియారా వాటర్స్‌లోనూ భారతీయ కుటుంబాలు ఎక్కువ. 2021 జనగణనలో ఆస్ట్రేలియా మొత్తం మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 59 వేల మంది తేలారు. ఎక్కువమంది నడివయసులోపు వాళ్లు, ఉద్యోగాలకి వచ్చినవాళ్లు. ఇలాంటి చోట జబ్బు చేస్తే కబురు పంపడానికి మేనమామ ఉండడు, రాత్రి ఆసుపత్రిలో పడుకోవడానికి బాబాయి కొడుకు ఉండడు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి నడుస్తున్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి జిల్లాల నుంచి వచ్చే రోగి వెంట ఒకరో ఇద్దరో తోడు వస్తారు. చీటీ తీసుకునేదీ, మందులు తెచ్చేదీ, డాక్టరు ఏమన్నాడో ఊరికి ఫోన్ చేసి చెప్పేదీ ఆ తోడే. హారిస్‌డేల్‌లో భార్యకి జబ్బు చేస్తే ఆ పనులన్నీ భర్త ఒక్కడి మీద పడతాయి, భర్తకి చేస్తే భార్య మీద. ఆఫీసూ, పిల్లల బడీ మామూలే. అందుకే ఇక్కడ పరామర్శకి వచ్చేవాళ్లు ఊళ్లో చుట్టాల కన్నా ఎక్కువ అవసరం. అందుకే వాళ్లు ఎలా వస్తున్నారన్నది అడగాల్సిన ప్రశ్న.

మొదటి చిక్కు పేరుతోనే. "ఆవిడకి ఒంట్లో బాగోలేదట" అంటారు. ఏమిటట అంటే గొంతు తగ్గించి "అదే... పెద్ద జబ్బు" అంటారు. వెనకటి తరం రాచపుండు అనేది, రాచకురుపు అనేది. క్యాన్సర్ అనే లాటిన్ మాటకి పీత అని అర్థం. మన పంచాంగంలో కర్కాటకం కూడా ఆ పీతే. పీతకీ పుండుకీ పేరుంది, ఇంట్లో ఉన్న మనిషి జబ్బుకి మాత్రం పేరు లేదు. పేరు పలకనిచోట దేన్ని తడిమి చూస్తాం? రొమ్ముదా, పేగుదా, రక్తానిదా తెలియకుండా వెళ్లినవాళ్లు పాపం వాతావరణం గురించి మాట్లాడి వస్తారు.

రెండో చిక్కు ఈ మాటకున్న తోబుట్టువు. అదే మృశ్ ధాతువుకి 'వి' చేరితే విమర్శ. పరామర్శకని వెళ్లి విమర్శ చేసి రావడం మనలో ఎంత మామూలో క్యాన్సర్ వచ్చినవాళ్లని అడిగితే చెబుతారు. "ముందే చూపించుకోవాల్సింది వదినా." "నువ్వసలు టైముకి తినవు కదమ్మా." "మైక్రోవేవ్‌లో వండితే ఇలాగే అవుతుంది." ప్రేమతోనే అంటారు, కాదనను. విన్న మనిషి మాత్రం ఆ రాత్రంతా ఇది నా తప్పేనా అని పొర్లుతుంది. ఆ వెనకే ఫలానా ఊళ్లో ఆకుపసరు ఇస్తారనీ, పసుపు గుళికలు మింగమనీ సలహాలు. కొన్ని మూలికలు కీమో మందుల పనికి అడ్డం పడతాయి. అవి చెప్పేముందు ఆవిడ క్యాన్సర్ డాక్టర్నో, ఆసుపత్రి ఫార్మసిస్టునో అడగాలన్న ఆలోచన రావాలి. ఆ ఆలోచనే కదా పరామర్శకి అసలు అర్థం.

ఇక్కడ తెలంగాణ మాటొకటి గుర్తు చేసుకోవాలి. కరీంనగర్ మనిషి "అన్నా, ఆ సారుకు పానం బాగలేదంట, ఒకసారి మందలిచ్చి వద్దాం" అంటే గుంటూరు మనిషి ఉలిక్కిపడతాడు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మందలించడమంటే కోప్పడడం. తెలంగాణలో మందలించడమంటే క్షేమం అడగడం, పలకరించడం. నెల్లూరు వెళ్తే "ఏం మందల?" అంటే ఏమిటి సంగతి అని. ముగ్గురూ హారిస్‌డేల్‌లో ఒకే వీధిలో ఉండొచ్చు. నాకు మందలలోని ఆ సంగతి అనే అర్థం చాలా ఇష్టం. మనిషి దగ్గరికి వెళ్లి అసలు సంగతి ఏమిటని అడగడం, అడిగి వినడం. సగం పరామర్శ అక్కడే అయిపోతుంది.

మిగతా సగానికి తర్కశాస్త్రం దగ్గరికి వెళ్లాలి. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడని పండితుల మాట. న్యాయదర్శనంలో పరామర్శ చాలా బరువైన పదం. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని అందరికీ తెలుసు. ఈ కొండ మీద పొగ కనిపిస్తోంది, అదీ చూశాం. ఈ రెండు తెలివిడులూ వేర్వేరుగా ఉన్నంతకాలం ఏమీ తేలదు. నిప్పుతో విడదీయరాని ఆ పొగ ఇదిగో ఈ కొండ మీదే ఉంది అని రెంటినీ కలిపి పట్టుకునే జ్ఞానానికి నైయాయికులు పరామర్శ అని పేరు పెట్టారు. సాధారణ సూత్రాన్ని ఎదురుగా ఉన్న ఒక్కదానికి కలిపే మెట్టు అది.

క్యాన్సర్ సమాచారమంతా ఈ మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఫోన్ తెరిస్తే సూత్రాలు కుప్పలుగా దొరుకుతాయి. అవి ఈ ఇంట్లో ఈ మనిషికి ఎలా వర్తిస్తాయన్నది ఎవరూ కలిపి చెప్పరు. ఒక ఉదాహరణ. ఆస్ట్రేలియాలో 2006 నుంచి పేగు క్యాన్సర్‌కి జాతీయ పరీక్షా కార్యక్రమం ఉంది. 50 నుంచి 74 ఏళ్లవాళ్లకి రెండేళ్లకోసారి పరీక్ష సామాను ఉచితంగా పోస్టులో ఇంటికే వస్తుంది. 2024 జులై నుంచి 45 దాటినవాళ్లు కూడా అడిగి తెప్పించుకోవచ్చు. మలంలో కంటికి కనబడని రక్తం ఉందేమో చూసే పరీక్ష అది. రెండు వేర్వేరు విసర్జనల నుంచి రెండు నమూనాలు తియ్యాలి. పోస్టు చేసేదాకా గొట్టాన్ని సంచీలో మూసి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇంతా చదివి మన పిన్నిగారు ఆ కవరుని అలమరలో తోసేస్తారు. నైవేద్యానికి పాలు పెట్టే ఫ్రిజ్‌లో అదేమిటి అని ఆవిడ బాధ. ఆ బాధని తీసిపారేయకూడదు. గట్టిగా మూత బిగించిన డబ్బాలో పెట్టి, అడుగు అరలో ఒక మూల ఉంచి, మర్నాడే పోస్టు చేయొచ్చు పిన్నీ అని పక్కన కూర్చుని చెప్పేవాళ్లు కావాలి. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది గానీ రక్తం కనిపించిన చోటల్లా క్యాన్సర్ ఉండదనీ, మొలలైనా కావచ్చనీ, తేడా వస్తే కొలనోస్కోపీ చేసి చూస్తారనీ చెప్పాలి. మన ఆడవాళ్లు చెప్పుకోలేని గర్భాశయ ముఖద్వార పరీక్షకి కూడా 2022 జులై నుంచి ఎవరి నమూనా వాళ్లే తీసుకునే వీలొచ్చింది. డాక్టరు దగ్గర, తెర చాటున. ఈ ఒక్క ముక్క తెలియక ఏళ్ల తరబడి వాయిదా వేసేవాళ్లు ఉంటారు.

ఇంకో సంగతి దీనికన్నా తొందరది. కీమో ఎక్కించిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో ఒంటి వేడి 38 డిగ్రీలకి చేరితే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలని ఇక్కడ ఆసుపత్రుల్లో చెప్పి పంపుతారు. ఇంట్లో ఉన్న అత్తగారు ఇండియా నుంచి తెచ్చుకున్న ఫారన్‌హీట్ థర్మామీటరు చూస్తారు. 38 అంటే అందులో 100.4. "నూరేగా, పారాసిటమాల్ వేసుకుని పడుకో అమ్మా" అంటారు. మాత్రకి జ్వరం అణుగుతుంది, లోపలి ఇన్‌ఫెక్షన్ అణగదు. ఆ ఇంటి ఫ్రిజ్ తలుపు మీద 38 = 100.4 అని ఒక కాగితం అంటించి వచ్చిన మనిషి, ఆపిల్ పళ్ల సంచీ తెచ్చిన పదిమంది కన్నా గొప్ప పరామర్శ చేసినట్టు. ముక్కు కారుతున్నా వెళ్లకపోతే బాగుండదని ఆ వారంలోనే వెళ్లి కూర్చునే మర్యాద మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక మాట సాయం. ఒకరి తరఫున నిలబడి మాట్లాడడానికి తెలుగులో ఉర్దూ నుంచి వచ్చిన వకాల్తా ఉంది. "నువ్వేంటి వాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నావు" అని తప్పుపట్టడానికే దాన్ని ఎక్కువ వాడతాం. జబ్బుపడ్డ మనిషికి నిజంగానే వకాల్తా కావాలి. డాక్టరు ముందు కూర్చుంటే సగం మాటలు చెవిన పడవు, భయం అలాంటిది. పక్కన కూర్చుని కాగితం మీద రాసుకునేవాళ్లు ఉండాలి. ఇంగ్లిష్ రాని అమ్మకో నాన్నకో జబ్బయితే కొడుకే అనువాదకుడవుతాడు. అక్కడే మన కుటుంబాల్లో మాట్లాడుకోని బాధ ఒకటుంది. డాక్టరు కాలేయానికి కూడా పాకిందని చెబుతాడు. కొడుకు తండ్రి వైపు తిరిగి "ఇంకో మందు మారుస్తారట నాన్నా" అంటాడు. నాన్నకి చెప్పొద్దన్నది ఇంట్లో అందరి నిర్ణయం. నాన్నకి తెలుసు, తెలియనట్టు ఉంటాడు. ఆ మౌనాన్ని ప్రేమ అనే అంటాను. కానీ ఎవరికి ఏం చెప్పాలనుకున్నాడో, ఊరికి ఒకసారి వెళ్లి రావాలనుకున్నాడో లేదో చెప్పుకునే అవకాశాన్ని ఆయన చేతిలోంచి తీసేసుకుంటాం. వృత్తి అనువాదకులు ఒక్క ముక్క దాచరు, ఒక్క ముక్క కలపరు. ప్రభుత్వ ఆసుపత్రిలో వాళ్లకి మనం డబ్బు కట్టక్కర్లేదు. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే తెలుగు అనువాదకులు కావాలని అడగాలి. కొడుకుని కొడుకుగా ఉండనివ్వడానికైనా అడగాలి. ఆసుపత్రితో పేచీ వస్తే రోగి తరఫున నిలబడడానికి పశ్చిమ ఆస్ట్రేలియాలో హెల్త్ కన్స్యూమర్స్ కౌన్సిల్ అనే సంస్థ ఉంది. సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికేర్ వర్తించదు, ఆ విషయంలో భారత్‌తో ఆస్ట్రేలియాకి ఒప్పందమేదీ లేదు. వాళ్ల బీమా పత్రంలో ఏముందో జబ్బు రాకముందే ఎవరైనా కూర్చుని చదవాలి.

హారిస్‌డేల్ వాళ్లకి దగ్గరి పెద్దాసుపత్రి మర్డాక్‌లోని ఫియోనా స్టాన్లీ. 2025 జూన్‌లో కొత్త రైలు మార్గం తెరిచారు కనుక నికల్సన్ రోడ్ స్టేషన్‌లో ఎక్కి, కాక్‌బర్న్ సెంట్రల్‌లో మారితే తర్వాతి స్టేషనే మర్డాక్. కీమో రోజున మాత్రం రైలు కన్నా తెలిసినవాళ్ల కారు మేలు. "ఏదైనా కావాలంటే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. మనవాళ్లకి అడగడం నామోషీ. "గురువారం నేను ఖాళీ, మిమ్మల్ని దింపి పిల్లల్ని బడి నుంచి తీసుకొస్తాను" అంటే కాదనరు. అలా తీసుకెళ్లే మనిషే లేకపోతే పశ్చిమ ఆస్ట్రేలియా క్యాన్సర్ కౌన్సిల్ వాళ్లని అడగొచ్చు. రోగుల్ని చికిత్సకి తీసుకెళ్లే స్వచ్ఛంద డ్రైవర్లు, జుట్టు రాలినవాళ్లకి విగ్గులు ఇచ్చేవాళ్లు, మనసు విప్పి మాట్లాడుకోవడానికి కౌన్సెలర్లు వాళ్ల దగ్గర ఉన్నారు.

మృశ్ లాగే తాకడాన్ని చెప్పే ఇంకో ధాతువు స్పృశ్. దాని నుంచి స్పర్శ. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్ 2011లో చివరి రోజుల రోగుల కోసం పెట్టిన ఆశ్రయానికి స్పర్శ్ హాస్పిస్ అని పేరు పెట్టారు. ఇంతకన్నా సరైన పేరు దొరకదనుకుంటాను. చికిత్స ఇక పనిచేయదని తెలిశాక కూడా నొప్పి తగ్గించడం, ఒళ్లు తుడవడం, చెయ్యి పట్టుకుని కూర్చోవడం మిగిలి ఉంటాయి. చావింటికి వెళ్లి తిరిగొచ్చేటప్పుడు వెళ్లొస్తామని చెప్పకూడదని మన ఆచారం. క్యాన్సర్ ఉన్న ఇంటి నుంచి కూడా కొందరు అలా మాట్లాడకుండా లేచి వచ్చేస్తారు. అది చావిల్లు కాదు. మళ్లీ ఎప్పుడొస్తారో చెప్పి, ఆ రోజున తప్పకుండా వెళ్లండి.

ఆస్ట్రేలియాలో ఎక్కడున్నా ఈ రెండు నంబర్లు ఫోన్‌లో ఎక్కించుకోండి. క్యాన్సర్ కౌన్సిల్‌ది 13 11 20. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లయితే ముందు 13 14 50కి చేసి తెలుగు కావాలని చెప్పండి, అనువాదకులు వచ్చాక మొదటి నంబరుకి కలపమనండి. రోగులే కాదు, వాళ్లని చూసుకునేవాళ్లూ, పరామర్శకి బయల్దేరుతూ ఏం మాట్లాడాలో తోచని స్నేహితులూ ఆ నంబరుకి ఫోన్ చేయొచ్చు.