రహీం మనవాడు కాడనే వాదన నిలుస్తుందా?

మన కోయిలకుంట్ల చరిత్ర రాసేవాళ్ళు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసిన 1847తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఆ త్యాగం ముందు ఎవరైనా తలవంచాల్సిందే. కానీ ఊరు ఆ తర్వాతా బతికింది. 1956 నవంబరు 1న కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రం హైదరాబాదుతో కలిసింది. సరిగ్గా నెలకు, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. ఆ జట్టుకు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. మనమంతా ఒక రాష్ట్రమైన తొలినాళ్ళ ఘనతల్లో దీన్ని మించింది నాకు కనబడదు. హ్యాట్రిక్ కొట్టిన నెవిల్ డిసౌజా బొంబాయి ఆటగాడే కదా అనవచ్చు. నిజమే, అయితే ఆ జట్టును కూర్చి నడిపింది రహీం. ఆయన హైదరాబాదువాడు, 2014తో ఆ బంధం తెగింది అనేవాళ్ళకు ఒకటే ప్రశ్న: గీత మారినప్పుడల్లా మనుషుల్ని వదులుకుంటూ పోతే, 1800 దాకా నిజాం ఏలుబడిలో ఉన్న ఈ దత్తమండలానికి చరిత్రంటూ ఏం మిగులుతుంది?

రహీం విద్యంతా విదేశాల నుంచి తెచ్చుకున్నదే అన్నట్టు రాసేవాళ్ళతో నాకు ఇంకా పెద్ద పేచీ ఉంది. హంగరీ ఆటను ఆయన శ్రద్ధగా గమనించిన మాట వాస్తవం. కానీ ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడి, బడిపంతులుగా పనిచేసి, వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది కోచ్ అయిన మనిషి. 1950 నుంచి వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతిలో తయారైందే. హెల్సింకిలో 1952లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయిన మనవాళ్ళు, మెల్‌బోర్న్‌లో అదే జట్టుపై మొదటి గోలు తామే కొట్టి 4-1తో ఓడారు. ఓటమి ఓటమే, కానీ ఆ నాలుగేళ్ళలో వచ్చిన తేడా పంతులు పనితనం. బంతిని కాళ్ళ దగ్గరే ఉంచుకుని పరుగెత్తకుండా వెంటనే అందించే పోటీలు, వాటం లేని కాలితోనే ఆడాల్సిన పోటీలు, పొట్టివాళ్ళకు వేరే పోటీలు ఆయన పెట్టించారు. 1962 జకార్తా ఏషియాడ్‌లో, క్యాన్సర్ తినేస్తున్న ఒంటితోనే, తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నయిల్ సింగ్‌ను ముందువరసలో ఆడించి బంగారు పతకం తెచ్చారు. మరుసటి జూన్‌లో కన్నుమూశారు.

వాటం లేని కాలి పోటీకి స్టేడియం అక్కర్లేదు, మన హైస్కూలు మైదానం చాలు. రహీం పుట్టింది ఆగస్టు 17న. మన పీఈటీలు ఆ రోజున ఆయన పేరుతో ఆ పోటీ పెట్టాలి.